నూటికి ఎంత?

మంచి ఉద్యోగంలో ఉండి కూడా డబ్బు ప్రస్తావన రాగానే గొంతు తగ్గించే స్నేహితులు నాకు హైదరాబాదులో చాలామంది ఉన్నారు. రోజంతా క్లిష్టమైన ప్రోగ్రాములు రాసే ఆ మనుషులే బ్యాంకులో రుణాల అధికారి ఎదుట కూర్చున్నప్పుడు ఒక్క ప్రశ్న అయినా వేయకుండా, చూపించిన చోటల్లా సంతకం చేసి వస్తారు. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో నేనూ అదే జంకుతో ఉండేదాన్ని. జీతం పెరిగినప్పుడు ఆ జంకు తగ్గలేదు; మా అమ్మ వడ్డీ లెక్క కట్టే పద్ధతిని నా చేతికి వచ్చే ప్రతి కాగితానికీ వర్తింపజేయడం మొదలుపెట్టిన తరువాత తగ్గింది.

మాది మిర్యాలగూడ దగ్గరి పల్లె, సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే కుటుంబం. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన అమ్మ, ప్రోనోటు మీద అప్పు తెచ్చినా ఇచ్చినా, మొదట అడిగేది ‘నూటికి ఎంత’ అని. నూటికి రెండు రూపాయలంటే నెలకు వందకు రెండు, ఏడాదికి ఇరవై నాలుగు, నాలుగేళ్ల రెండు నెలలకు అసలంత వడ్డీ. ఇదంతా ఆమె నోటిలెక్కగానే చెప్పేస్తుంది. నోటు రాసిన మూడేళ్లలోపు ఎంతో కొంత జమ కట్టించి వెనుక చెల్లు రాయించుకోకపోతే ఆ కాగితానికి కోర్టులో బలం ఉండదని కూడా ఆమెకు తెలుసు. డబ్బు వ్యవహారాలు కామర్స్ చదివినవారికే అర్థమవుతాయన్న మాటను నమ్మవలసిన అవసరం లేదనడానికి నాకు ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

నేను ముందుగా శ్రద్ధగా చదివిన కాగితం పేస్లిప్. ఏడాదికి 8 లక్షల సీటీసీ (మన మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) అంటే నెలకు 66 వేల పైచిలుకు చేతికి వస్తుందని లెక్కవేసుకునేవారు, ఆ మొత్తంలో యజమాని కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ కూడా కలిసి ఉంటాయని గమనించరు. అందులో సగం మూలవేతనం అనుకుంటే, పన్నెండు శాతం చొప్పున యజమాని పీఎఫ్ 48,000, మన పీఎఫ్ మరో 48,000, గ్రాట్యుటీ కింద 19 వేల చిల్లర, వృత్తి పన్ను నెలకు 200 చొప్పున 2,400 పోగా, నెలకు చేతికి అందేది సుమారు 56,800 రూపాయలు. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానంలో, 75,000 స్టాండర్డ్ డిడక్షన్‌ను కలుపుకుని, 12.75 లక్షల వరకు జీతానికి ఆదాయపు పన్ను పడదు కనుక ఈ లెక్కలో ఆ కోత లేదు. ప్రతి వరుస ఎక్కడి నుంచి వచ్చిందో, ఎక్కడికి పోతోందో తెలిసిన తరువాత, పోయిందనుకున్న 96 వేలు నా పేరునే, యూఏఎన్ అనే నా పీఎఫ్ సంఖ్య కింద ఉన్న ఖాతాలో 8.25 శాతం వడ్డీతో పెరుగుతున్నాయని అర్థమయింది. కంపెనీ మారినప్పుడు ఆ సొమ్ము తీసి ఖర్చు పెట్టకుండా కొత్త ఖాతాకు బదిలీ చేయించుకోవాలన్న పట్టుదల కూడా అప్పుడే కలిగింది.

అయితే అసలైన ధైర్యం వడ్డీ లెక్క దగ్గరే వచ్చింది. క్రెడిట్ కార్డు బిల్లులో పూర్తి బాకీ కట్టకుండా ‘మినిమమ్ డ్యూ’ మాత్రమే కడితే, మిగిలినదాని మీద చాలా కార్డులు నెలకు 3.5 శాతానికి అటూ ఇటూగా వడ్డీ వేస్తాయి, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, పైగా కొత్తగా కొన్న వస్తువులకు ఉండవలసిన వడ్డీ లేని గడువు కూడా పోతుంది. దీన్ని మా ఊరి లెక్కలో చెబితే నూటికి నాలుగు రూపాయల వడ్డీ. మా వైపు ఎవరైనా మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారంటే ఆ ఇంట్లో ఏదో పెద్ద ఆపద వచ్చిందనే అందరూ భావిస్తారు, అయినవాళ్లు వెళ్లి పలకరిస్తారు. అంతకు మించిన వడ్డీని సెల్‌ఫోన్ల కోసం, విహారయాత్రల కోసం నా వయసువారు నిశ్చింతగా మోస్తున్నారంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. రేటును శాతాల్లో, చిన్న అక్షరాల్లో రాసినందువల్ల వారికి దాని బరువు తెలియడం లేదు.

బండి కోసం తీసుకునే రుణం ఇంకా లోతుగా చూడవలసిన విషయం. 1,20,000 రూపాయలు, రెండేళ్లు, పది శాతం ‘ఫ్లాట్’ వడ్డీ అన్నారనుకోండి. వడ్డీ 24,000, మొత్తం 1,44,000, నెలకు 6,000 చొప్పున 24 వాయిదాలు. వినడానికి చౌకగానే ఉంటుంది. కానీ ప్రతి వాయిదాతోనూ అసలు తరుగుతూ ఉంటుంది, ఏడాది తిరిగేసరికి దాదాపు సగం తీరిపోతుంది, వడ్డీ మాత్రం చివరి నెల వరకు మొత్తం లక్షా ఇరవై వేల మీదనే కడుతూ ఉంటాము. ఈ కాగితం చూపించినప్పుడు అమ్మ ఇలా లెక్కవేసింది: సగటున మన దగ్గర ఉన్న వారి సొమ్ము అరవై వేల పైచిలుకు, దానికి ఏడాదికి పన్నెండు వేలు ఇస్తున్నాము, కాబట్టి నూటికి రూపాయిన్నర దాటిందమ్మా అని. కంప్యూటరులో కచ్చితంగా కట్టి చూస్తే తరిగే అసలు మీద ఏడాదికి 18 శాతానికి కొద్దిగా పైన వచ్చింది, అంటే నెలకు నూటికి రూపాయిన్నరే. పది అన్న మాట వెనుక పద్దెనిమిది ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్ టర్మ్ రుణాలన్నింటికీ, అంటే గడువు పెట్టి వాయిదాల్లో తీర్చే వాటికి, ఖర్చులన్నీ కలిపి అసలు వార్షిక రేటు (ఏపీఆర్) ఎంతో చూపే ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. ఆ పత్రం ఇవ్వండి, ఏపీఆర్ ఎంతో చూసుకుని సంతకం చేస్తాను అని అడగడం మర్యాద తప్పడం కాదు. అది మనకున్న హక్కు.

ఇదే లెక్క బీమా పాలసీకీ పనికి వచ్చింది. దూరపు బంధువు ఒకాయన, ఏడాదికి 60 వేల చొప్పున పదేళ్లు కడితే ఇరవయ్యో ఏడు నిండగానే 12 లక్షలు వస్తాయని, అంటే కట్టినదానికి రెట్టింపని ఎంతో ఆప్యాయంగా చెప్పారు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ మన సొమ్ము అక్కడ సగటున పదిహేనున్నర ఏళ్లు ఉంటుంది. బారువడ్డీ లెక్కలో అది నెలకు నూటికి అర్ధరూపాయి చిల్లర, చక్రవడ్డీ లెక్కలో ఏడాదికి నాలుగున్నర శాతం. 7.1 శాతం ఇచ్చే పీపీఎఫ్‌లో (ప్రభుత్వ పొదుపు పథకం) సొమ్ము దాదాపు పదేళ్లకే రెట్టింపవుతుంది. నేను ఆ లెక్క కాగితం మీద వేసి చూపి, ప్రాణానికి రక్షణ కోసం టర్మ్ పాలసీ విడిగా తీసుకుంటానని వినయంగా చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. కాదనడానికి కారణం అంకెల్లో ఉన్నప్పుడు మన గొంతు కూడా నిలకడగా ఉంటుందని ఆ రోజు తెలిసింది.

పొదుపు గురించి ఎక్కువగా రాయను. అది ఇంట్లో చూసి పెరిగినదే. పంట చేతికి రాగానే వచ్చే ఏటి విత్తనాలకూ కౌలుకూ తీసిపెట్టిన తరువాతే మిగిలిన ఖర్చులు ఆలోచిస్తారు. నా సిప్, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టే సొమ్ము, జీతం పడిన మరునాడే కట్ అయ్యేటట్టు పెట్టుకున్నాను. ఆరు నెలల ఖర్చుకు సరిపడే సొమ్ము బ్యాంకులో వేరుగా ఉంచాను. ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంటుంది కనుక దాని గురించి చింత లేదు. షేర్ మార్కెట్ విషయంలో మాత్రం జాగ్రత్తగా చరిత్ర చదివాను. 2020 జనవరిలో 42 వేల దగ్గర ఉన్న సెన్సెక్స్ మార్చి 23 నాటికి 26 వేల దిగువకు పడి, అదే సంవత్సరం నవంబరులో పాత శిఖరాన్ని దాటింది. మళ్లీ అంత పడితే, ఈసారి కోలుకోవడానికి ఏళ్లు పట్టినా, ముట్టుకోకుండా ఉండగలిగినంత సొమ్మే అందులో పెడుతున్నాను.

ఆడపిల్లవు, నాన్నకో తమ్ముడికో అప్పగించి హాయిగా ఉండరాదా అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. వారి ప్రేమను కాదనను గాని, నా సంతకం ఉన్న కాగితాన్ని నేనే చదువుతాను. షాద్‌నగర్ వైపు వెంచరులో ప్లాటు కొనమని వచ్చినవారిని కూడా రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు, లేఅవుట్ అనుమతి, పాత యాజమాన్యాలను చూపే లింకు డాక్యుమెంట్లు, ఆస్తి మీద ఉన్న లావాదేవీలను చూపే ఈసీ చూపమని అడిగాను. అవి వచ్చేవరకు అడ్వాన్సు ఇవ్వను.

ఈ లెక్క ఇప్పుడు తిరిగి మా ఇంటికి చేరింది. నాన్నకు బ్యాంకులో ఉన్న పంట రుణం 3 లక్షల లోపు కనుక, గడువులోగా తీరిస్తే 7 శాతంలో 3 శాతం రాయితీగా తగ్గి 4 శాతమే పడుతుంది, అంటే నెలకు నూటికి 33 పైసలు. ఎరువుల కొట్టులో ఉన్న అరువు మాత్రం నూటికి రెండు రూపాయలు. ఏ పెట్టుబడీ ఏటేటా ఇరవై నాలుగు శాతం ఇస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు కాబట్టి, ఈ ఏడాది సిప్ పెంచే ఆలోచన మానుకుని, వచ్చిన బోనసుతో ముందు కొట్టు బాకీ తీర్చమని అమ్మకు పంపాను. పంట రుణం గడువు తేదీని నా ఫోనులోనే గుర్తుపెట్టుకున్నాను.