ముగ్గుపిండి ఇల్లు

"ఇక్కడ నిలబడితే పొయ్యి నా వీపుకు తగులుతుంది కదరా!"

ఈ ఉదయం డాబా మీద ముగ్గుపిండితో గీసిన ఇంట్లో నిలబడి అమ్మ అన్న మొదటి మాట ఇది. 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. ఇల్లుగా మార్చాలనుకుంటున్న పాత సరకు కంటైనర్ కొలత.

కంప్యూటర్ తెర మీద ఎంత విశాలంగా ఉండేదో! వేడి ఆపడానికి గోడల లోపల వేసే పొరను కూడా గీసేసరికి వెడల్పు ఏడడుగుల చిల్లరకు దిగింది. అది మానేద్దామా అంటే, మే నెల హైదరాబాదులో ఇనుప పెట్టె పెనమైపోతుంది.

అమ్మ మాత్రం గోడ దాటలేదు. లేని తలుపు తోసుకుని పడగ్గదిలోకి వెళ్లింది. అది నాకు భలే నచ్చింది.

"వడియాలు ఎక్కడ ఎండబెట్టాలి?"

పైకప్పు మీద అనబోయి ఆగిపోయాను. కంటైనర్ బరువు మోసేది నాలుగు మూలల స్తంభాలే. వాటి మీద ఇంకో కంటైనర్ పేర్చవచ్చు, కానీ పైన ఉన్నది దాదాపు 2 మిల్లీమీటర్ల రేకు. నీళ్ల ట్యాంకు కూడా విడిగా స్టాండు మీద పెట్టాల్సిందే. పైకప్పులు ఎండకు వేడెక్కకుండా చూడాలనే తెలంగాణ కూల్ రూఫ్ విధానం 2023లో వచ్చినప్పటి నుంచి తెల్ల పూత గురించి తెగ ఆలోచించాను. వడియాలు మాత్రం తట్టలేదు.

అమ్మ కాలితో ఒక గీత చెరిపి, వంటగదిని రెండడుగులు జరిపి, "ఇప్పుడు సరిపోయింది" అని కిందికి వెళ్లిపోయింది.

స్నానాలగది సగమైంది. ఆ సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.