సొమ్ములు దాచిన లోయ

శనివారం రాత్రి

ఫోర్ట్ విలియమ్‌లో చిన్న పనుండి పొద్దున్నే గ్లాస్గోలో బస్సెక్కాను. ఎప్పుడూ వెళ్ళే దారే. ఈసారి మాత్రం ఒళ్ళో మ్యాప్ పరుచుకుని, స్కాట్లాండ్ పాతభాష గేలిక్‌లో ఉన్న కొండల పేర్లు కూడబలుక్కుంటూ కూర్చున్నాను.

రానఖ్ మూర్ బురదనేల దాటాక ఎడంపక్క బూకల్ ఎటివ్ మోర్ కనిపించింది. స్కాట్లాండ్ క్యాలెండర్లలో తరచూ వేసే త్రికోణం కొండ అదే. ఆ పేరుకి ‘ఎటివ్ లోయ పెద్ద పశులకాపరి’ అని అర్థం. పక్కనే చిన్న కాపరి, బూకల్ ఎటివ్ బెగ్. పెద్దాయన శిఖరం స్టోబ్ జెరగ్, అంటే ఎర్ర శిఖరం, 1,021 మీటర్లు. రాయి నిజంగానే కాస్త ఎర్రఛాయలో ఉంటుంది. చిన్నాయనది స్టోబ్ డూ, నల్ల శిఖరం. మాది కర్నూలు వైపు. ఎర్రమల, నల్లమల అంటూ పెరిగినదాన్ని కాబట్టి ఈ పేర్లు పెట్టినవాళ్ళు నాకు బాగా తెలిసినవాళ్ళే అనిపించారు.

కుడివైపు ఊనఖ్ ఎగఖ్, గంట్లు పడ్డ కొండవరస. చూడ్డానికి అలాగే ఉంది.

ఇక్కడ 3,000 అడుగులు దాటిన కొండలన్నీ ఎక్కాలని పట్టుదలగా తిరిగేవాళ్ళు చాలామంది. ఆ కొండల జాబితాని మన్రో అనే ఆయన 1891లో అచ్చువేశాడు. పేర్లు అంతకు చాలా ముందటివి. కింద పశువుల్ని మేపుకుంటూ తలెత్తి చూసేవాళ్ళకి ఎత్తు కొలతలతో పనేముంది? అందుకే ఒకటి బెన్ అటా, బారుగా సాగిన కొండ. దాని పక్కది గ్యార్ ఊనఖ్, కురచ కొండవరస. ఆ రెంటి మధ్యలో ఉంది నాకు అన్నిటికంటే నచ్చిన పేరు: కొర్య గావల్.

కొర్య అంటే వంట గంగాళం. మంచు తొలిచిన గుంట లోయల్ని అలా అంటారు. గావల్ అంటే పట్టుకోవడం, పట్టుకొచ్చింది. ఈ గ్లెన్‌కో లోయలో ఉండే మెక్‌డొనాల్డ్ వంశంవాళ్ళు పక్క ఊళ్ళ నుంచి తోలుకొచ్చిన పశువుల్ని అక్కడ దాచేవాళ్ళట. కొండ విరిగిపడ్డ బండలు మూతిని కప్పేయడంతో లోపల చదునైన పచ్చికబయలుందని రోడ్డు మీంచి అసలు తెలియదు. మా అత్తగారిది శ్రీకాకుళం, ఆవిడ పశువుల్ని సొమ్ములు అంటారు. కొర్య గావల్‌ని తెలుగులో చెప్పాలంటే ఆ మాటే కావాలి.

ఇంగ్లీషులో దీన్ని లాస్ట్ వ్యాలీ, తప్పిపోయిన లోయ, అంటారు. నాకు బాధేసింది. ఎవరికి తప్పిపోయింది ఆ లోయ? అక్కడ ఆవుల్ని దాచినవాళ్ళకి దాని ప్రతి రాయీ తెలుసు. ఆ మనుషుల గురించి ఇప్పుడు వచ్చేవాళ్ళకి తెలిసిందల్లా 1692 ఫిబ్రవరి 13. ఆ మెక్‌డొనాల్డ్‌ల ఇళ్ళలోనే తిని పడుకున్న సైనికులు తెల్లవారుజామున లేచి వాళ్ళలో 30 మందికి పైగా చంపిన రోజు. వాళ్ళు పశువులు కాసుకుని బతికిన రోజుల సంగతి తెలియాలంటే ఈ పేర్లే చదవాలి.

మా ఆఫీసులో లూయిస్ దీవి నుంచి వచ్చిన ఆవిడ ఉంది, ఇంట్లో గేలిక్కే మాట్లాడతారట. సోమవారం మ్యాప్ తీసుకెళ్ళి గావల్‌ని సరిగ్గా ఎలా పలకాలో అడగాలి.