ఉప్పలపాడు చెరువులో సైబీరియా నుంచి వచ్చినవి ఏవి?

పదకొండేళ్ల క్రితం నేను తీసిన మొదటి మంచి ఫొటో ఎర్రకాళ్ల కొంగది. గూటికి పుల్ల తెస్తూ రెక్కలు విప్పి దిగుతున్న ఆ కొంగ వెనుక ఈకల గులాబీ రంగు ఉదయపు ఎండలో ఎంత చక్కగా పడిందంటే, దాన్ని పెద్ద సైజులో ప్రింటు తీయించి, అడుగున ‘సైబీరియా అతిథి, ఉప్పలపాడు’ అని అచ్చు వేయించి, విజయవాడలో మా బావగారి గృహప్రవేశానికి కానుకగా పట్టుకెళ్లాను. ఫొటోకు వంక పెట్టడానికి లేదు. తప్పంతా రాతలోనే ఉంది.

ఆ తప్పు నాకు తెలియజెప్పింది పుస్తకం కాదు. గుంటూరు పక్కనే, పెదకాకాని మండలంలో ఉన్న ఆ ఊరి చెరువు గట్టు మీదికి గేదెలను తోలుకొచ్చిన ఒక పెద్దాయన, నా కెమెరా వంక చూసి ఏం తీస్తున్నావని అడిగాడు. సైబీరియా కొంగలను తీస్తున్నాను బాబాయ్ అన్నాను. ఆయన చెరువు మధ్యలో తుమ్మచెట్ల మీద కిక్కిరిసిన గూళ్లను చేత్తో చూపించి, “అక్కడి నుంచి వచ్చినవైతే పిల్లల్ని ఇక్కడ పెడుతున్నాయేమయ్యా? పురుటికి ఎవరైనా పుట్టింటికి పోతారు గానీ పరాయి ఊరు పోతారా?” అన్నాడు. ఆ తరవాత నేను చదివినదంతా ఆ ఒక్క మాటకు వివరణ మాత్రమే.

ఉత్తరాది చలి ప్రాంతాల నుంచి మన దగ్గరకు వలస వచ్చే పక్షులు గూడు కట్టేది అక్కడి వేసవిలోనే. అప్పుడు అక్కడ పగలు చాలా పొడుగు, పురుగులకు కరువుండదు, పిల్లలకు మేత పెట్టడానికి అంతకంటే అనువైన కాలం వాటికి లేదు. చలికాలంలో నేల గడ్డకట్టి మేత దొరకక దక్షిణానికి దిగుతాయి. అంటే అవి ఇక్కడికి తిండి కోసం వస్తాయి తప్ప సంసారం కోసం రావు. ఉప్పలపాడులో జనం మురిసిపోయి చూసే గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు అన్నీ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే. వాటి రాకపోకలు మంచుతో కాక వానతో ముడిపడి ఉంటాయి. చెరువులు, కాలువలు నిండి చేపపిల్లలు దండిగా దొరికే కాలం చూసుకుని గూళ్లు కడతాయి, నీళ్లు తగ్గాక మరో నీటి పట్టుకు పోతాయి. కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు 1946లోనే పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో గూడబాతుల పెద్ద స్థావరాన్ని చూసి దాని గురించి రాశారు. కనుక వీటిని అతిథులని పిలవడం, ఇంటి ఆడపడుచును చుట్టమని పిలిచినట్టే ఉంటుంది.

మరి సైబీరియా మాట ఎలా అంటుకుంది? నా అనుమానం మన భాష మీద. పొడుగు కాళ్లు, పొడుగు ముక్కు ఉన్న ప్రతి పక్షినీ మనం కొంగ అనేస్తాం. అసలు ‘సైబీరియా కొంగ’ అని పత్రికల్లో పడేది కొంగే కాదు, తెలుగులో బెగ్గురు అనే పాత పేరున్న వేరే కుటుంబపు పక్షి. అది రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది. 2002 తరవాత భారతదేశంలో దాని జాడే లేదు. అది కనుమరుగైనా పేరు మాత్రం మిగిలి, దొరికిన కొంగకల్లా తగులుకుంది.

నిజంగా హిమాలయాల అవతలి నుంచి వచ్చినవి ఆ చెరువు దగ్గర లేకపోలేదు. అయితే అవి చెట్ల మీద కాదు, మన కాళ్ల దగ్గర బురదలో ఉంటాయి. పాతిక గ్రాములు తూగని జిట్టంగి (ఇంగ్లీషులో వాగ్‌టెయిల్), దాని పక్కన నీటి అంచున ముక్కుతో పొడుస్తూ తిరిగే ఉల్లంకిపిట్ట, కరెంటు తీగల మీద వరసగా కూర్చునే వానకోవెలలు, ఇవీ అసలు దూరప్రయాణికులు. గట్టు మీద సెల్ఫీ తీసుకునేవాళ్లు వీటిని దాటుకుంటూ పోయి గూడబాతును చూస్తారు. నేనూ రెండేళ్లు అలాగే దాటిపోయాను.

జిట్టంగిని ఫొటో తీయడం కొంగను తీయడం కంటే కష్టం. తెల్లటి కొంగ విషయంలో ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించుకుంటే, ఎండలో ఈకలు సున్నం కొట్టినట్టు కాకుండా వాటి మడతలు కనిపిస్తాయి. షట్టర్ వేగం సెకనులో 1600వ వంతుకు తగ్గకుండా చూసుకుంటే రెక్క చెదరదు. జిట్టంగికి ఈ లెక్కలు చాలవు. నిలబడి తీస్తే చీపురుపుల్ల ముక్కలాగా వస్తుంది. పాత గోనెసంచి పరుచుకుని, బురద అంచున బోర్లా పడుకుని, లెన్సును నేలకు ఆనించి కదలకుండా ఉంటే, పావుగంటకో అరగంటకో అదే తోక పైకీ కిందికీ ఆడించుకుంటూ దగ్గరకు వస్తుంది. మనం దాని వైపు ఒక్క అడుగు వేస్తే మాత్రం కీచుమని అరిచి లేచిపోతుంది. డిసెంబరులో తీసిన ఫొటోలో దాని గొంతు తెల్లగా, రొమ్ము మీద నల్లని నెలవంక మాత్రమే ఉంది. మార్చి నెలాఖరులో అదే గట్టున తీసిన మరో ఫొటోలో గడ్డం దాకా నల్లబడింది. అక్కడి వేసవికి, జత కట్టడానికి, ఇక్కడే ముస్తాబై బయలుదేరుతోందన్నమాట. పక్కపక్కన పెట్టి చూస్తే ఆ రెండు ఫొటోలే నాకు అన్నిటికంటే ఇష్టం, ఇంటికి వచ్చినవాళ్లకు మాత్రం వాటిలో చూడదగ్గది ఏమీ కనిపించదు.

గులాబీ గోరింకలది ఇంకో కథ. మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో పుట్టి గుంపులుగా వచ్చే ఇవి, తెనాలి వైపు మాగాణిలో వరి కోశాక వేసే జొన్న మీద పడితే రైతు డబ్బా వాయించుకుంటూ చేను చుట్టూ తిరగాల్సిందే. మోదుగ, బూరుగ పూసే రోజుల్లో పూలలో తేనె తాగి ముఖమంతా పుప్పొడి పూసుకుని ఉంటాయి. ఆ పసుపు ముఖాన్ని ఈ ఏడాది కూడా స్పష్టంగా పట్టలేకపోయాను.

మొన్న పండక్కి వెళ్లినప్పుడు మా బావగారి హాల్లో ‘సైబీరియా అతిథి’ అలాగే వేలాడుతోంది. రాత మార్పించి ఇస్తాను, ఫ్రేము విప్పండి అన్నాను. విప్పితే అద్దం పగులుతుందట, పైగా వచ్చినవాళ్లందరికీ పదకొండేళ్లుగా అదే చెప్పుకున్నారట. ఆయన ఒప్పుకోలేదు.