ఊరి ఖర్చులో మన మాట

ఇంగ్లండ్ ఉత్తరాన ఒక మోస్తరు పట్టణంలో, కౌన్సిల్ ఆఫీసులో పనిచేస్తున్నాను. కౌన్సిల్ అంటే మన మునిసిపాలిటీ లాంటిది. పాత మార్కెట్ హాలును ఏం చేయాలి, మూతపడ్డ పెద్ద షాపుల స్థలంలో ఏం రావాలి, ప్రధాన వీధిలోకి కార్లను రానివ్వాలా వద్దా, ఇలాంటివి తేల్చే ముందు కౌన్సిల్ ఆన్‌లైన్‌లో జనాన్ని అడుగుతుంది. ఇక్కడ దాన్ని కన్సల్టేషన్ అంటారు. వచ్చిన జవాబులన్నీ చదివి, ఏ విషయం మీద ఎవరేమన్నారో వేరుచేసి, కౌన్సిలర్లకు వెళ్లే రిపోర్టు తయారుచేసే టీమ్‌లో నేనూ ఉన్నాను.

టిక్కులను కంప్యూటరే లెక్కపెడుతుంది. నేను ఆశగా చూసేది చివర్లో ఉండే ఖాళీ పెట్టె కోసం, "ఇంకేమైనా చెప్పాలా?" అని అడిగే చోటు. ప్రధాన వీధిని నడిచేవాళ్లకే వదిలేద్దామా అని అడిగినప్పుడు చాలామంది సరేనని టిక్కు పెట్టారు. ఒక పండ్ల వ్యాపారి మాత్రం, పొద్దున్నే సరుకు వ్యాన్ షాపు ముందు ఆగకపోతే తనకు రోజంతా పాడవుతుందని ఆ పెట్టెలో రాశాడు. బట్టల షాపు నడిపే ఒకావిడ, ఆ పనికి వీధి తవ్వకాలు క్రిస్మస్ ముందు మొదలుపెట్టొద్దని వేడుకుంది. ఏడాది లాభంలో పెద్ద భాగం ఆమెకు ఆ కొద్ది వారాల్లోనే వస్తుందట. ఇంజినీర్లు గీసిన ప్లాన్‌లో ఇలాంటివి ఉండవు. ఆ జవాబుల తర్వాతే సరుకు దించే వేళలు ప్లాన్‌లోకి వచ్చాయి, తవ్వకం జనవరికి వెళ్లింది. షాపు వదిలి సాయంత్రం మీటింగ్‌కు రాలేని ఆ ఇద్దరూ రాత్రి ఇంట్లో కూర్చుని ఫోన్‌లో రాసిన మాటలవి.

అయితే ఎవరు రాయలేదన్నదీ చూడాలి. జవాబులతో పాటు పోస్ట్‌కోడ్ ఉంటుంది కాబట్టి మ్యాప్ మీద పెడితే ఇట్టే తెలిసిపోతుంది. సొంత ఇళ్లున్న వీధుల నుంచి బోలెడు వస్తాయి. గోదాముల్లో రాత్రి షిఫ్ట్ చేసేవాళ్లు, అద్దెకుండేవాళ్లు, మనలా బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లు ఉండే పేటల నుంచి వచ్చేవి చాలా తక్కువ. ఆన్‌లైన్‌లో పెట్టినంత మాత్రాన అందరికీ అందినట్టు కాదు. ముప్పై ప్రశ్నలున్న సర్వేను టీ బ్రేక్‌లో ఎవరు నింపుతారు? ప్రశ్నలు తగ్గించి, భాష తేలిక చేసి, లైబ్రరీలోనూ బస్ స్టేషన్‌లోనూ కాగితం ఫారాలు కూడా పెడితే అప్పుడు వచ్చే జవాబులే వేరు.

మా వీధిలో ఉండే ఒక తెలుగమ్మాయి వృద్ధులను చూసుకునే కేర్ హోమ్‌లో పనిచేస్తుంది. బస్ స్టేషన్ చుట్టుపక్కల అభివృద్ధి మీద కన్సల్టేషన్ నడుస్తున్నప్పుడు, నువ్వూ రాయమ్మా అన్నాను.

"మనకెందుకక్కా! వీసా మీద ఉన్నవాళ్లం. ఏదో రాస్తే రేపు రెన్యువల్‌కు అడ్డొస్తే?"

ఈ టెన్షన్ మనవాళ్లలో చాలామందికి ఉంది. కన్సల్టేషన్‌లో అభిప్రాయం చెప్పడానికి పౌరసత్వంతో పనిలేదని ఆమెకు వివరంగా చెప్పాను. ఇంకో సంగతి విని ఆమె ఆశ్చర్యపోయింది. భారత్ కామన్వెల్త్ దేశం కాబట్టి, ఇక్కడ చట్టబద్ధంగా నివసిస్తున్న భారత పౌరులు ఓటర్ల జాబితాలో చేరవచ్చు. కౌన్సిల్ ఎన్నికల్లోనే కాదు, పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయవచ్చు. ఏళ్ల తరబడి కౌన్సిల్ టాక్స్ (ఇంటి పన్ను లాంటిది) కడుతూ ఈ హక్కు సంగతి తెలియకుండా ఉన్నవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

చివరికి ఆమె రాసింది. రాత్రి పదిన్నరకు షిఫ్ట్ దిగితే బస్సు ఉండదని, టాక్సీకి గంట జీతం పైనే పోతుందని, అందుకే తనతో పనిచేసేవాళ్లు కొందరు మానేశారని. అదే కన్సల్టేషన్‌లో యజమానులు మనుషులు దొరకడం లేదని రాశారు. రిపోర్టులో ఆ రెండూ పక్కపక్కనే పెట్టాం. బస్సు ఇంకా రాలేదు. లండన్ బయట 1986 నుంచి బస్సులు ఎక్కువగా ప్రైవేటు కంపెనీల చేతిలోనే ఉన్నాయి. గిట్టుబాటు కాని రూట్లకు కౌన్సిల్ కొంత డబ్బిచ్చి నడిపించగలదు గానీ, ఆ డబ్బు దొరకాలి. ఈ సంగతి కూడా దాచకుండా రాసినవాళ్లకు చెప్పాలన్నది నా పట్టుదల. ఏది ఒప్పుకున్నారు, ఏది కాదన్నారు, ఎందుకు కాదన్నారు అన్నది చెప్పకపోతే రెండోసారి అడిగినప్పుడు ఎవరూ రాయరు.

అడిగే సమయం కూడా ముఖ్యం. 1985లో లండన్‌లోని బ్రెంట్ కౌన్సిల్ మీద నడిచిన గన్నింగ్ కేసులో నుంచి ఇక్కడ నాలుగు సూత్రాలు స్థిరపడ్డాయి. నిర్ణయం ఇంకా రూపుదిద్దుకుంటున్న దశలోనే అడగాలి, ఆలోచించి జవాబివ్వడానికి తగినంత సమాచారం ఇవ్వాలి, తగినంత సమయం ఇవ్వాలి, వచ్చిన జవాబులను మనస్ఫూర్తిగా పరిశీలించాలి. 2014లో, లండన్‌లోనే హారింగే కౌన్సిల్ నడిపిన ఒక కన్సల్టేషన్ మీద వచ్చిన కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు వీటిని సమర్థించింది. వేరే దారులు ఏమున్నాయో జనానికి చెప్పకుండా అడిగినందుకు ఆ కన్సల్టేషన్ చట్టవిరుద్ధమని తేల్చింది. మా ఆఫీసులో ఎవరైనా తొందరపడితే నేను ఈ కేసే గుర్తుచేస్తాను. డబ్బు పెద్దదైనప్పుడు ఇది ఇంకా అవసరం. 2019లో ప్రభుత్వం పట్టణాల అభివృద్ధికి 360 కోట్ల పౌండ్ల టౌన్స్ ఫండ్ ప్రకటించి, అందులో భాగంగా 101 పట్టణాలను ప్రతిపాదనలు పంపమంది. సాధారణంగా ఒక్కో పట్టణం 2.5 కోట్ల పౌండ్ల దాకా అడిగే వీలుండేది. అంత సొమ్ము ఎక్కడ పెట్టాలో తేల్చేసి, ఆ తర్వాత జనాన్ని అడిగితే లాభమేముంది?

మా కేర్ హోమ్ అమ్మాయి ఇప్పుడు తన షిఫ్ట్‌లోని మలయాళీలకు, నైజీరియా వాళ్లకు లింకులు పంపుతోంది. పేరు లేకుండా రాయొచ్చా అని ఈమధ్య ఒకరు అడిగారట. కన్సల్టేషన్ సర్వేల్లో మామూలుగా రాయొచ్చు. ఒక భవనం కట్టడానికి వచ్చిన ప్లానింగ్ దరఖాస్తు మీదైతే సాధారణంగా పేరూ అడ్రసూ ఇవ్వాలి, గడువు కనీసం 21 రోజులు. ఇంటి ధర పడిపోతుందని, కొత్త షాపుతో నా షాపుకు పోటీ వస్తుందని రాస్తే అక్కడ లెక్కలోకి తీసుకోరు. ట్రాఫిక్, శబ్దం, ఇంట్లోకి వెలుతురు తగ్గడం లాంటివి తీసుకుంటారు. పదిమందీ ఒకే ఉత్తరాన్ని కాపీ కొట్టి పంపే బదులు ఎవరికి జరిగే ఇబ్బంది వాళ్లు రాస్తే మేలు. రాసింది అందరికీ కనిపిస్తుంది కాబట్టి ఫోన్ నంబర్ మాత్రం అందులో పెట్టొద్దు.