విదియ చంద్రుడి కోసం సోమనాథ్ దాకా

ముప్పై రెండేళ్లు డ్రాయింగు మాస్టరుగా పనిచేశాను. బోర్డు మీద ఎన్ని చంద్రవంకలు గీసి ఉంటానో లెక్కలేదు. వృత్తలేఖినితో ఒక సున్నా చుట్టడం, కాస్త పక్కకు జరిపి దాని మీదే ఇంకో సున్నా చుట్టడం, అక్కర్లేని గీత చెరిపేయడం, అంతే. రెండు కొమ్ముల మధ్య ఒక చుక్క పెడితే పిల్లలు సంబరపడేవారు. అది తప్పు బొమ్మ అని రిటైరయ్యాక గాని నాకు తెలియలేదు.

చెప్పినవాడు మా అక్క కొడుకు. వాడికి దూరదర్శిని పిచ్చి. "మామయ్యా, నువ్వు ఇన్నాళ్లూ గీసింది చంద్రుణ్ణి కాదు, గ్రహణం పట్టిన సూర్యుణ్ణి" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది గాని, వాడు కాగితం మీద చూపిస్తే నోరు మెదపలేకపోయాను. ఒక సున్నాను ఇంకో సున్నా కప్పితే వచ్చే ఆకారం పాక్షిక గ్రహణానిది. దాని కొమ్ములు సగం చుట్టు దాటి లోపలికి వంగుతాయి. ఆకాశంలో నెలవంక అలా వంగదు. దాని వెలుపలి అంచు సరిగ్గా అర్ధవృత్తం. లోపలి అంచు వృత్తం ముక్కే కాదు, అండాకారంలో సగం. రెండు కొమ్ముల కొనలనూ కలుపుతూ గీత గీస్తే అది చంద్రుడి నడిమధ్య గుండా పోతుంది. ఇక నేను పెట్టిన చుక్క సంగతి. కొమ్ముల మధ్య ఉన్నది ఖాళీ కాదు, చీకటిలో ఉన్న చంద్రుడే. అక్కడ నక్షత్రం కనబడాలంటే చంద్రుడికి చిల్లు పడాలి.

అక్కకు పన్నెండు జ్యోతిర్లింగాల మొక్కు ఉంది. "సౌరాష్ట్రే సోమనాథం చ" అని శ్లోకంలో మొదట వచ్చేదే ఆవిడకు చివరికి మిగిలింది. ఎప్పుడు వెళ్దామా అని ఆలోచిస్తుంటే మేనల్లుడే ముహూర్తం పెట్టాడు. "2025 మార్చి 30, ఉగాది. ఆ సాయంత్రానికి అక్కడ ఉండండి. చంద్రుడు పోయిన వెలుగు తెచ్చుకున్న చోట, కొత్త సంవత్సరపు మొదటి నెలవంకను చూడండి" అన్నాడు. ఉగాది పూట ఇల్లు వదిలి ప్రయాణమేమిటని అక్క రెండు రోజులు గొణిగింది. తర్వాత తనే సంచి సర్దింది.

సికింద్రాబాద్ నుంచి రాజ్‌కోట్ రైలు, అక్కడి నుంచి వేరావల్‌కు మరో రైలు. ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, నడుం నొప్పి తప్ప. వేరావల్ స్టేషను బయట ఆటో ఎక్కాం. దారిలో చేపల రేవు. ఒడ్డున సగం కట్టిన కర్ర పడవలు నిలబెట్టి ఉన్నాయి. వంగిన పక్కటెముకల్లాంటి దూలాల మధ్య వడ్రంగులు కూర్చుని ఉన్నారు. పక్క నుంచి చూస్తే ఒక్కొక్కటీ ఒక్కో చంద్రవంక. ఆటో నడిపే కుర్రాడు ఉపవాసంలో ఉన్నాడు. ఇవాళ ఇరవై తొమ్మిదో రోజా అనీ, సాయంత్రం చంద్రుడు కనిపిస్తే రేపే పండుగ అనీ, లేకపోతే ఇంకో రోజు ఆగాలనీ హిందీలో చెప్పాడు. "మేమూ అతణ్ణే చూడటానికి వచ్చాం" అన్నాను. అతను అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు.

ఆ రోజు ఎన్ని పండుగలో! మనకు విశ్వావసు నామ ఉగాది. సింధీలకు చేటీచంద్, చైత్రంలో చంద్రుడు కనిపించే రోజుతో మొదలయ్యే ఏడు అది. సాయంత్రం నెలవంక దొరికితే ముస్లింలకు మర్నాడు రంజాన్ పండుగ. ముందురోజు అమావాస్య నాడు పాక్షిక సూర్యగ్రహణం, మన దేశంలో కనిపించలేదు. అంటే నా బోర్డు మీది బొమ్మ శనివారం నాడు ఎక్కడో ఆకాశంలో నిజంగానే కనబడిందన్నమాట. ఆ మాట అంటే అక్క, "నీ బొమ్మ గోల ఆపరా" అంది.

సోమనాథ్ ఉన్న ఊరు ప్రభాస పట్టణం. ప్రభాస అంటేనే వెలుగు. దక్షుడి కథ తెలిసిందే. ఇరవై ఏడుగురు కూతుళ్లను చంద్రుడికిచ్చి చేస్తే అతను రోహిణి ఇల్లు వదలడు. మిగతా ఇరవై ఆరుగురూ పుట్టింటికి వెళ్లి మొర పెట్టుకుంటారు. మామగారు క్షయం పట్టి పొమ్మని శపిస్తాడు. చంద్రుడు ఇక్కడ స్నానం చేసి శివుణ్ణి కొలుస్తాడు. శివుడు కూడా శాపాన్ని పూర్తిగా కొట్టివేయలేదు. సగం నెల తగ్గు, సగం నెల పెరుగు అని రాజీ చేశాడు. ఈ కథలో నాకు నచ్చేది ఆ రాజీయే. రోహిణి మీద పక్షపాతం మాటకొస్తే అదీ ఉత్త పుకారు కాదు. 2015 నుంచి 2018 దాకా చంద్రుడు ప్రతి నెలా ఒకసారి రోహిణి నక్షత్రం మీదుగా పోతూ దాన్ని కప్పేశాడు, భూమ్మీద ఏదో ఒక చోటి నుంచి చూసేవాళ్లకు. ఇలాంటి దఫాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. కాకపోతే మఖ, చిత్త, జ్యేష్ఠల విషయంలోనూ అతను అదే చేస్తాడు. దక్షుడికి ఆ సంగతి ఎవరూ చేరవేసినట్టు లేరు.

మధ్యాహ్నం త్రివేణి సంగమానికి వెళ్లాం. హిరణ్, కపిల, సరస్వతి సముద్రంలో కలిసే చోటు. అక్క తలమీద నీళ్లు చల్లుకుని, నా మీదా చల్లింది. నాలుగింటికి గుడి దగ్గరికి చేరాం. తేనె రంగు రాతి గుడి, దాని వెనకంతా సముద్రం. 1026లో గజనీ మహమ్మద్ దాడి దగ్గర్నుంచి ఈ చోటికి కూలడం, లేవడం అలవాటైపోయింది. పక్కనే 1783లో అహల్యాబాయి హోల్కర్ కట్టించిన చిన్న గుడి ఇప్పటికీ ఉంది. ఇప్పటి పెద్ద ఆలయంలో లింగ ప్రతిష్ఠ 1951 మే 11న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా జరిగింది.

ఇంత గొడవ పడిన ఊళ్లోనే ఇంకో రాయి కథ కూడా ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 1264లో హోర్ముజ్ నుంచి వచ్చిన ఫిరోజ్ అనే ఓడల వర్తకుడు సోమనాథ పట్టణంలో స్థలం తీసుకుని మసీదు కట్టించాడు. స్థానిక పెద్దలు అందుకు సహకరించారు. వేరావల్‌లో దొరికిన ఆ సంస్కృత శాసనం విశ్వనాథుడికి నమస్కారంతో మొదలవుతుంది. తేదీ వేయడంలో మాత్రం ఆ లేఖకుడు ఎవరినీ నొప్పించలేదు. హిజ్రీ 662, విక్రమ 1320, వలభి 945, సింహ 151 అని నాలుగు లెక్కలూ వేశాడు. ఒకే రోజుకు నాలుగు పేర్లు. మన శాసనాల రాళ్ల మీద పైన సూర్యుణ్ణి, చంద్రవంకను చెక్కుతారు చూడండి, దానం ఆచంద్రార్కం నిలవాలని. చంద్రుణ్ణి నిండుగా చెక్కకుండా వంకగానే ఎందుకు చెక్కారని చాలాకాలం ఆలోచించాను. నిండు చంద్రుణ్ణి చెక్కితే రాతి మీద ఇద్దరు సూర్యులవుతారు. బొమ్మ గీసేవాడి ఇబ్బంది అది. చంద్రుడు చంద్రుడిలా కనిపించాలంటే కొంత తగ్గాల్సిందే.

ప్రపంచమంతా అదే చేసింది. ప్రాచీన ఇరాక్‌లోని ఉర్ నగరవాసులు తమ చంద్రదేవుడికి వంకనే గుర్తుగా పెట్టుకున్నారు, దాన్ని పడవగానూ భావించారు. ఇరాన్‌ను ఏలిన సాసానీయుల నాణేల మీద, అంతకుముందు బైజాంటియం (ఇప్పటి ఇస్తాంబుల్) నాణేల మీద చంద్రవంకా చుక్కా కలిసి ఉన్నాయి. అవన్నీ ఇస్లాంకు ముందువి. జెండాల మీదికి, గుమ్మటాల మీదికి అది ఎక్కువగా ఒట్టోమన్ తుర్కుల కాలంలో పాకింది. ఖురాన్‌లో నెలవంకల ప్రస్తావన ఉంది గాని చిహ్నంగా కాదు. మనుషులకూ హజ్ యాత్రకూ కాలాన్ని తెలిపే గుర్తులని ఉంది. అంటే పంచాంగం. మన భాషలోనూ అంతే కదా, నెల అంటే చంద్రుడు, నెల అంటే ముప్పై రోజులు.

సాయంత్రం హారతి ఏడింటికి. ఆ రోజు అక్కడ సూర్యాస్తమయం కూడా దాదాపు ఏడింటికే. ఇక్కడే మాకు చిక్కు వచ్చిపడింది. నెలవంక సూర్యుడు దిగిన తర్వాత గంటా పది నిమిషాలే ఉంటుందని మేనల్లుడు లెక్క కట్టి పంపాడు. నేను సముద్రం ఒడ్డునే ఉంటానన్నాను. "శివుడి గుడి దాకా వచ్చి, ఆయన తలలో పువ్వును చూసి ఆయన్ని చూడకుండా పోతావా?" అంది అక్క. జవాబు తోచలేదు. ఫోన్లు బయట అప్పజెప్పి వరుసలో నిలబడ్డాం.

డప్పులు, గంటలు, శంఖం. నాకు లింగం మీద అలంకారం రెండు క్షణాలు కనబడింది. తెల్లటి విభూతి రేఖలు, పూలు, పైన ఏదో మెరుపు. చంద్రవంకేమో చూద్దామనుకునేలోపు వెనకవాళ్లు ముందుకు నెట్టారు. చోళుల కంచు విగ్రహాల్లో జటలో ఒక పక్కన ఒదిగి ఉండే ఆ వంకను నేను ఎన్నో పుస్తకాల్లో చూసి నకలు తీశాను. ఇక్కడ అసలు చోట నిలబడి చూడలేకపోయాను. బయటపడేసరికి ఏడూ ముప్పై ఐదు. ఫోన్ల కౌంటరు దగ్గర చాంతాడంత వరుస. ఫోన్లు తర్వాత తీసుకుందామని అక్కను దాదాపు పరుగెత్తించాను. బాణస్తంభం దాటుతుంటే ఆవిడ ఆగిపోయింది. ఇక్కడి నుంచి దక్షిణ ధ్రువం దాకా నడుమ నేల లేదని చెప్పే స్తంభమది. "అటు కాదక్కా, ఇటు" అని పడమటికి లాగాను.

గుడి వెనక సముద్రం వెంట కట్టిన బాట మీదికి వచ్చి తల ఎత్తాను.

ఉంది. అనుకున్నదానికంటే ఎత్తులోనే ఉంది. నిలువుగా కాదు, పక్కకు ఒరిగి కాదు, వెల్లకిలా పడుకున్న దోనెలా ఉంది. రెండు కొమ్ములూ ఆకాశంలోకే. మేనల్లుడి మాటల్లో, వసంత విషువత్తు, అంటే మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు దగ్గర ఈ అక్షాంశంలో సూర్యచంద్రులు నడిచే దారి పడమటి దిక్కున దాదాపు నిట్టనిలువుగా ఉంటుంది. సూర్యుడు సరిగ్గా కిందనుంచి వెలుగు కొడతాడు కాబట్టి అడుగు వెలుగుతుంది. శరత్కాలంలో అదే వంక ఒక పక్కకు వాలి కనిపిస్తుంది. ఇది మనవాళ్లకు కొత్త సంగతేమీ కాదు. శృంగోన్నతి అని, చంద్రుడి కొమ్ముల్లో ఏది ఎంత ఎత్తో లెక్కగట్టడానికి సూర్యసిద్ధాంతంలో ఒక అధ్యాయమే ఉంది. సూర్యుడికి పన్నెండు డిగ్రీల దూరం జరిగితే చంద్రుడు కనిపిస్తాడని కూడా అందులో ఉంది. ఒక తిథి అంటే ఆ పన్నెండు డిగ్రీలే. అందుకే చూపుకు ఆనేది పాడ్యమి కాదు, విదియ. ఆ రోజు పాడ్యమి మధ్యాహ్నంతోనే ముగిసింది. సాయంత్రానికి ఎడం పదిహేను డిగ్రీలు.

వరాహమిహిరుడు బృహత్సంహితలో ఈ ఆకారాలకు పేర్లు కూడా పెట్టాడు. నౌక, నాగలి, దండం, విల్లు... ఒక్కో దానికి ఒక్కో ఫలం. నౌకలా ఉంటే నావికులకు పీడ, మిగతా లోకానికి శుభమట. రేవులో చూసిన పడవలు గుర్తొచ్చాయి. ఆటో కుర్రాడికి ఈ సంగతి చెప్పనందుకు సంతోషించాను.

కళ్లు చీకటికి అలవాటు పడ్డాక మిగతా చంద్రుడు బయటపడ్డాడు. వెలిగే వంక నూటికి రెండు వంతులుంటుందేమో. మిగతాదంతా బూడిద రంగులో, మసిపట్టిన కంచు పళ్లెంలా గుండ్రంగా ఉంది. అది భూమి మీద పడి చంద్రుడికి చేరి తిరిగొచ్చే వెలుగు. ఆ సంగతిని లియొనార్డో దా విన్సీ పదహారో శతాబ్ది మొదట్లోనే పట్టుకుని రాసుకున్నాడు. ఆ పళ్లెం అంచు మీద ఎక్కడా చుక్క లేదు. ముప్పై రెండేళ్లు నేను చుక్క పెట్టిన చోట నిండుగా చంద్రుడే ఉన్నాడు.

బాట మీద ఉన్నవాళ్లు ఒకరికొకరు వేలెత్తి చూపించుకుంటున్నారు. "బీజ్, బీజ్" అంటోంది ఒక గుజరాతీ ముసలమ్మ. విదియను వాళ్లు అలా అంటారు. దూరంగా వేరావల్ వైపు నుంచి టపాకాయలు వినిపించాయి. వాళ్లకూ కనిపించాడన్నమాట.

అక్క పమిట కొంగు అంచు నుంచి నూలుపోగు లాగుతోంది. చంద్రుడికో నూలుపోగు అని సామెతగా వాడేస్తాం గాని, విదియ నాడు నెలపొడుపు చూసి బట్టలోంచి ఒక పోగు తీసి ఇచ్చే అలవాటు మా అమ్మకు ఉండేది. పండుగకని కట్టుకున్న కొత్త చీర అది. యంత్రంతో కుట్టిన అంచు, పోగు ఊడిరాదు. రెండుసార్లు లాగి విసుక్కుంది. నా భుజం మీది కండువా అందుకుని, కొసన ఒక్క పోగు పంటితో తెంపి, చెయ్యెత్తి వదిలింది. గాలి సముద్రం మీంచి కొడుతోంది. పోగు ముందుకు పోకుండా వెనక్కి వచ్చి నా చొక్కా గుండీకి చుట్టుకుంది. "నీకే ఇచ్చాడు, ఉంచుకో" అంది.

ఎనిమిది కావస్తుండగా దోనె ఎర్రబడింది. నీళ్లను తాకుతుందని కాచుకుని చూశాను. అంతకుముందే మంచు లాంటి మసక దాన్ని మింగేసింది. ఫోను లేదు కాబట్టి ఫొటో లేదు. ప్రసాదం కవరు వెనక వైపు, గుడి దీపాల వెలుగులో, బాల్‌పెన్నుతో గీశాను. ముందు వెలుపలి అర్ధవృత్తం, తర్వాత లోపలి అంచు. వృత్తలేఖిని లేకుండా ఆ లోపలి గీత అంత తేలిగ్గా రాదు. మొదటిది దబ్బపండు తొనలా వచ్చింది. రెండోది మరీ సన్నం. మూడోదాన్ని అక్క చేతిలోకి తీసుకుని, దీపం వైపు పట్టి, కాసేపు చూసి, "కొబ్బరి ముక్కలా ఉంది" అంది.