చూసినందుకూ కరెంటే

ఆదివారం, రాత్రి

మూఢం కనుక ముహూర్తాలు లేవు, పూల మార్కెట్ తీరికగా ఉంటుందనుకుని పొద్దున అయిదున్నరకే గుడిమల్కాపూర్ చేరాను. తీరిక వట్టి మాట. నెత్తిన బంతిపూల మూటలతో హమాలీలు, తడి నేల, ఆటోల హారన్లు, ఎప్పటి సందడే. నాకు కావలసింది ఒక్కటే ఫొటో. మూట ముడి విప్పగానే బంతిపూలు ఒక్కసారిగా జారి గోనెపట్టా మీద పరుచుకుంటాయి చూడండి, ఆ క్షణం. ఒక తాత ముందు నాలుగు మూటలు దించి ఉన్నాయి. ఆయన బీడీ ముగించి, బేరం ముగించి, ఎవరితోనో పాత బాకీ సంగతి ముగించేదాకా కెమెరా కంటికి ఆనించుకుని నిలబడ్డాను.

ఆయన ముడి విప్పాడు. నా వ్యూఫైండర్‌లో, అదే కన్ను ఆనించి చూసే బుల్లి తెరలో, చీకటి. బ్యాటరీ అయిపోయింది.

కార్డులో చూస్తే 63 ఫొటోలు. సంచిలో ఇంకో రెండు బ్యాటరీలున్నాయి కదా అని ధీమా. మొదటిది వేస్తే 4 శాతం. కిందటి ఆదివారం వాడి, చార్జింగ్ పెట్టకుండా అలాగే సంచిలో పడేసిన మహానుభావుణ్ని నేనే. రెండోది సగం వరకు వెళ్లి ఆగిపోయింది. నడుము దగ్గర ఉబ్బింది. కెమెరాను బోర్లించి అరచేతిలో తడుతుంటే పక్కన దండలు గుచ్చుతున్న పెద్దావిడ, "ఏం బాబూ, సూది ఇమ్మంటావా?" అంది. లిథియం బ్యాటరీకి సూది! వద్దమ్మా అని దండం పెట్టాను. నాలుగు దెబ్బలకు అదే జారి వచ్చింది.

మెహిదీపట్నం వైపు వచ్చి ఒక ఇరానీ హోటల్లో కూర్చుని పవర్ బ్యాంకుకు కెమెరా తగిలించాను. నాది పాత మోడల్, ఆఫ్ చేసి ఉంచితేనే చార్జింగ్ ఎక్కుతుంది. చూస్తూ చార్జింగ్, తీస్తూ చార్జింగ్ లాంటి సుఖాలు కొత్తవాటికి. రెండు టీలు, ఒక ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు అయ్యేసరికి ఎక్కింది పదకొండు శాతం. ఇక ఇంటిదారి పట్టాను.

నాకు కోపం వచ్చింది 63 అన్న అంకె మీద. ఈ కెమెరా పుస్తకంలో వ్యూఫైండర్‌తో అయితే 310 ఫొటోలు, వెనక తెరతో అయితే 360 అని ఉంది. ఆ అంకె జపాన్ కెమెరా కంపెనీల సంఘం సీపా పెట్టిన పరీక్షలోంచి వస్తుంది. 30 సెకన్లకు ఒక ఫొటో, ఫొటో విడిచి ఫొటోకు ఫ్లాష్, పది ఫొటోలకోసారి ఆఫ్ చేసి మళ్లీ ఆన్. తాత ఎప్పుడు ముడి విప్పుతాడా అని ఎదురుచూడటం ఆ పరీక్షలో లేదు. గబగబా వరసగా తీసేవాళ్లకు అదే బ్యాటరీ మీద వెయ్యి వచ్చినా ఆశ్చర్యం లేదు. నాలాగా కాచుకుని కూర్చునేవాడికి వంద రావు.

ఇంతకుముందు నా దగ్గర నికాన్ డీ90 ఉండేది. దానికి 850 అని రాసి ఉండేది. ఊరికి వెళ్తూ చార్జర్ మరచిపోయినా దిగులు ఉండేది కాదు. అందులో ఉన్న అద్దం లెన్సులోంచి వచ్చే వెలుతురును అలాగే కంటికి అందించేది. చూడటం ఉచితం, నొక్కినప్పుడే ఖర్చు. ఇప్పటిది మిర్రర్‌లెస్, అంటే ఆ అద్దమే లేదు. వెలుతురును పట్టే సెన్సర్ అదేపనిగా చదవాలి, ప్రాసెసర్ బొమ్మ కట్టాలి, కంటి ముందున్న బుల్లి తెర సెకనుకు పదుల సార్లు దాన్ని చూపాలి. చూసినందుకూ కరెంటే. పైగా పాత బ్యాటరీ 1500 ఎంఏహెచ్ (ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత), ఇప్పటిది 1020. శరీరం చిన్నది చేశామని మురిసిపోయారు, కడుపు కూడా చిన్నదయింది. అందరిదీ ఇదే కథ కాదులెండి. 2018లో వచ్చిన సోనీ ఏ7-3లో 2280 ఎంఏహెచ్ బ్యాటరీ పెట్టారు, తెరతో 710 వస్తాయని లెక్క. మా తమ్ముడి దగ్గర అదే ఉంది. స్పేర్ బ్యాటరీ అన్న మాటే వాడి నోట వినలేదు.

మధ్యాహ్నం నాన్న ఫోన్ చేస్తే ఇదంతా చెప్పాను. "నా ఆగ్ఫా క్లిక్ త్రీకి రీలు అయిపోవడం తెలుసు గాని, బ్యాటరీ అయిపోవడం నాకు తెలియదురా" అన్నారు. రీలుకు పన్నెండు ఫొటోలు మాత్రమేనని ఆయన చెప్పరు, నేను అనలేదు.

సాయంత్రం కరెంటు పోయింది. చార్జింగ్ నిండిన బ్యాటరీ వేసి, కెమెరా మెడలో తగిలించుకుని చీకట్లో నిలబడ్డాను. పొట్ట మీద, చొక్కా మడతలో నీలంగా వెలుతురు! దొంగ దొరికాడు. వ్యూఫైండర్ పక్కన కన్ను వచ్చిందో లేదో కనిపెట్టే చిన్న సెన్సర్ ఉంటుంది. దానికి కన్నూ చొక్కా ఒకటే. నిమిషంలో నిద్రపొమ్మని నేను పెట్టిన ఏర్పాటు అంతా వృథా, అది నా పొట్టకు సినిమా చూపిస్తూ కూర్చుంది. మార్కెట్లో నడిచినంతసేపూ జరిగింది అదే. ఇకనుంచి మెడలో వేసుకుంటే స్విచ్ ఆఫ్. మళ్లీ ఆన్ కావడానికి రెండు సెకన్లు పడుతుంది, తాత బీడీ పారేయడం చూసి ఆన్ చేస్తే సరిపోతుంది.

కరెంటు వచ్చాక మిగిలిన రెండింటికీ పరీక్ష పెట్టాను. వ్యూఫైండర్ మీద గుడ్డముక్క కప్పి గడియారం చూడటమే. కంపెనీది గంటా యాభై నిమిషాలు. 1500 అని బంగారు అక్షరాలతో అచ్చేసిన చవకది గంటా పది. అది కూడా 38 శాతం చూపిస్తూ ఉన్నట్టుండి ఆగింది. అదే కొలత డబ్బాలో సగంపాటి ఎక్కువ కరెంటు ఎలా పడుతుందని కొన్న రోజే అడగాల్సింది నేను.

మా ఆవిడ నెయిల్ పాలిష్ తీసుకుని వాటి మీద 1, 2 వేశాను. నిండినదానికి రబ్బరు బ్యాండు, ఖాళీదానికి లేదు. కొనలు తాళంచెవులకు తగలకుండా రెండింటికీ మూతలు. ఉబ్బిన మూడోదానికి అంకె వేయలేదు. దాని కొనలకు టేపు చుట్టి బాల్కనీలో ఎండ తగలని మూల, ఖాళీ మట్టికుండీలో పెట్టాను. చెత్తబండిలో వేయకూడదు, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేచోటే ఇవ్వాలి. రేపు ఆఫీసుకు వెళ్తూ ఇచ్చేయాలి.

నెయిల్ పాలిష్ సీసా మూత సరిగా పెట్టలేదట. పిలుస్తోంది.