బల్బుకు ఒకటే రెసిస్టెన్స్ ఉంటుందనుకుంటే...

ఇవాళ 12 వోల్టుల, 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి బ్యాటరీకి తగిలించి మీటర్లు పెట్టా. వోల్టేజీ 12, కరెంటు 1.75 ఆంపియర్లు. భాగిస్తే రెసిస్టెన్స్ దాదాపు 6.9 ఓమ్‌లు, గుణిస్తే పవర్ 21 వాట్లు. బల్బు మీద రాసిందీ అదే, ఇంతవరకూ స్కూల్ లెక్కే.

అసలు మజా తర్వాత. బల్బు తీసి చల్లారాక మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ చూస్తే 0.6 ఓమ్! ఆ లెక్కన 20 ఆంపియర్లు, 240 వాట్లు రావాలి కదా. స్విచ్ వేసిన తొలి క్షణంలో కరెంటు నిజంగానే అటువైపు ఎగబాకుతుంది, కానీ టంగ్‌స్టన్ తీగ క్షణాల్లో రెండు వేల డిగ్రీలు దాటి వేడెక్కేసరికి రెసిస్టెన్స్ పది రెట్లకు పైగా పెరిగి కరెంటు దిగిపోతుంది. పాతబడిన ఫిలమెంట్ బల్బులు ఎక్కువగా స్విచ్ వేయగానే టప్‌మని పోయేది ఇందుకే.

ఓమ్ నియమంలో 'ఉష్ణోగ్రత మారకపోతే' అనే ముక్క ఉంటుంది చూడండి, పరీక్షలో రాసేసి వదిలేస్తాం గానీ మొత్తం కథ అక్కడే ఉంది. వోల్టేజీ సగం చేస్తే పవర్ నాలుగో వంతు అవుతుందన్న లెక్క మామూలు రెసిస్టర్‌కి సరిపోతుంది. బల్బుకి 6 వోల్టులిస్తే తీగ కాస్త చల్లబడి రెసిస్టెన్స్ తగ్గుతుంది కాబట్టి, పవర్ అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

మీరూ ట్రై చేస్తే వోల్టేజీని బ్యాటరీ దగ్గర కాదు, బల్బు కొసల దగ్గరే కొలవండి, సన్న వైర్లు కూడా కొంత మింగేస్తాయి.